మరికొందరు

ఇల్లు, ముందు గది
తొలకరి రోజులు

మా ఇంటి పరిశోధకురాలికి మామయ్య దీవెనలు.

రేడియో వార్తల గదిలో ఏడాదిపాటు ఓ మూల కుర్చీ వేసుకుని, అక్కడివాళ్ళు ఏం చేస్తున్నారో చూసి రాసుకోవడానికి నీకు అనుమతి దొరికిందన్నమాట. ఆ పక్క అద్దాల గదిలో ముప్ఫై ఏళ్ళు కూర్చుని ఏడింటి వార్తలు చదివినవాణ్ణి, ఇప్పుడు నేను వెళితే గేటు దగ్గర "ఎవరు కావాలి తాతా?" అంటున్నారు. నీకేమో కుర్చీ వేశారు. మానవశాస్త్రం గొప్ప చదువే.

నువ్వు కిందటిసారి వదిలేసి వెళ్ళిన పుస్తకం చదివాను. బడిలో ఐదో తరగతితో ఆగిపోయినవాణ్ణి, మిగతా చదువంతా పాత పుస్తకాల కొట్లో నిలబడి, కొట్టాయన కసురుకునేలోపు చదివిందే. కాబట్టి నెమ్మదిగా చదివాను. ఎక్కడో దీవిలో ఓ తెగ. పొద్దున్నే ఒకచోట చేరి నిన్న చచ్చినవాడు తమవాడా కాదా అని తేల్చుకుంటారట. తమవాడైతే ఏడుపు, కాకపోతే ఎవరి పనికి వాళ్ళు. దానికోసం పడవెక్కి అంత దూరం పోవాలా? నువ్వు కూర్చున్న గదిలో రోజూ టీ తాగుతూ చేసేది అదే కదా!

సరే, అసలు సంగతికొస్తాను. కిటికీ పక్క పెద్ద బల్ల దగ్గర ఒకాయన కూర్చుంటాడు, వార్తల సంపాదకుడు. మీ అత్తయ్య లాంచీ ప్రమాదంలో పోయిందని మాత్రమే నీకు తెలుసు. నువ్వప్పుడు గౌన్లు వేసుకునేదానివి, అంతకన్నా ఎవరూ చెప్పి ఉండరు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ సాయంత్రం అతను నా చేతికిచ్చిన కాగితంలో ఈ వాక్యం ఉంది. "రేవు దాటుతున్న లాంచీ మునిగిన దుర్ఘటనలో మనవాళ్ళు పదకొండుమంది, అవతలి గట్టుకు చెందిన మరికొందరు మరణించారు." నేను చదివాను. చక్కగా చదివాను. 'మనవాళ్ళు' దగ్గర గొంతు కొంచెం దించి, 'మరికొందరు' దగ్గర మామూలుగా దాటేసి వాతావరణంలోకి వెళ్ళిపోయాను. ఇంటికొస్తే తాళం వేసి ఉంది. మీ అత్తయ్య ఇంకా రాలేదేంటని గుమ్మంలో కూర్చుని పక్కింటాయనతో కబుర్లాడాను కూడా. వార్త నేను దేశానికంతా చెప్పి, నాకు నేను చెప్పుకోవడం మర్చిపోయాను.

నేను ఈ గట్టువాణ్ణి. మీ అత్తయ్య, మీ నాన్న, నువ్వు అవతలి గట్టు వాళ్ళు. మీ తాతలు ఏరు దాటి వచ్చి రెండు తరాలైంది, ఓట్లున్నాయి, ఇళ్ళున్నాయి, అప్పులూ ఉన్నాయి. అయినా ఏటిలో పడితే మరికొందరే. ఒకే ఇంట్లో నేను 'మన', ఆవిడ 'మరికొందరు'.

నాకు ఒక్క సంగతి కావాలమ్మా. ఆ కాగితం నా చేతికిచ్చేటప్పుడు లాంచీలో ఆవిడ ఉందని అతనికి తెలుసా? అది కనుక్కో. తర్వాతది నేను చూసుకుంటాను.

మామయ్య


రేడియో వార్తల గది, రెండో అంతస్తు
ముసురు పట్టిన వారం

మామయ్యా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఈ గదికి రాలేకపోయాను. ఈ మాట నాన్నకైనా తెలుసా?

ఇక్కడి సంగతులు చెబుతాను, మీరు అడిగింది కాకపోయినా. వీళ్ళకో మాటుంది, 'మన వేయడం'. కూరలో ఉప్పు వేసినట్టే వేస్తారు. నిన్న గని కూలిందని కబురొచ్చింది.

"పోయింది ఎవర్రా?" అన్నారు సంపాదకుడు.

"ఇంకా తేల్లేదండీ."

"తేలేదాకా కార్మికులు అను. తేలాక మన వేద్దాం."

తేలింది. సగంమందికి మన పడింది, సగంమందికి పడలేదు. ఎవరూ గొడవపడలేదు, ఎవరూ అడగలేదు. కొత్తగా చేరిన పిల్ల కూడా ఎవరూ నేర్పకుండానే సరిగ్గా వేసింది.

పోయిన వారం ఇంకో తమాషా. ఈత పోటీల్లో ఒకమ్మాయి పతకం కొట్టింది, మా గట్టు పిల్లే. మధ్యాహ్నం దాకా ఆమె 'ఈతగత్తె'. గెలిచిన బులెటిన్లో 'మన బంగారుతల్లి'. మర్నాడు బలం మందులు వాడిందని పరీక్షలో దొరికిపోయిందని వచ్చింది. సాయంత్రానికి 'అవతలి గట్టు కుటుంబానికి చెందిన క్రీడాకారిణి'. రెండు రోజుల్లో అమ్మాయిని ఏరు దాటించి తెచ్చుకుని, మళ్ళీ దాటించి దించేసి వచ్చారు. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

సంపాదకుణ్ణి చాటున అందరూ 'మనగారు' అంటారు. చెడ్డవాడిలా లేడు మామయ్యా. నా టీ ఆయనే పోసి ఇస్తారు. నేనెవరి మేనకోడల్నో ఇక్కడ చెప్పలేదు.

మీరు ఒక మనిషిని పట్టుకున్నారు. నాకు కనిపిస్తున్నది గది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ వాక్యమే రాసేవారు. ఇది ఇక్కడి ఆచారం, ఒక్కడి పాపం కాదు. ఆయన్ని నేనేమీ అడగను. చూడ్డానికి వచ్చాను, అడగడానికి కాదు.

మీ కోడలు


ఇల్లు, ముందు గది
ఎండ కాసిన రోజు

అమ్మాయ్,

ఆచారమట, ఆచారం! ఆచారానికి చెంపలుంటాయా వాయించడానికి? నీ శాస్త్రానికి గది చాలు, నా కసికి మనిషి కావాలి. గదిని నేనేం చేసుకోను? సున్నం వేయించనా?

'మన' సంగతి నాకు చెబుతున్నావా! ఆ మాటని నేను నమిలినంత ఎవరూ నమిలి ఉండరు. ఎంత చిత్రమైన మాటో చూడు. ఊరు మనది, ఏరు మనది, పక్కింటివాడి కుర్చీ కూడా రెండు రోజులు మనింట్లో ఉంటే మనదే. ఒక్క పెళ్ళాన్ని మాత్రం మన అనకూడదు. కొత్తగా పెళ్ళైనప్పుడు అలవాటు కొద్దీ స్నేహితుల ముందు "మన ఆవిడ" అన్నాను. వాళ్ళు పడి పడి నవ్వారు. మీ అత్తయ్య వారం రోజులు నాతో మాట్లాడలేదు. "వార్తల్లో ఊరందరికీ పంచిపెట్టేది చాల్లేదా, నన్ను కూడా పంచుతున్నావా?" అంది. అలాంటి నోరు ఆవిడది.

ఏడింటికి నేను గొంతు విప్పితే ఎక్కడెక్కడో ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, మంగలి కుర్చీలోవాడు, పొయ్యి ముందున్నావిడ, లారీ ఆపుకున్నవాడు, అందరూ ఒక్కసారే తల ఎత్తేవాళ్ళు. 'మన సరిహద్దు' అంటే ఎన్నడూ చూడని గీత వాళ్ళ పెరటి గోడైపోయేది. దేశమంటే నా లెక్కలో అదే, ఒకే వేళకి ఎత్తిన తలలు. ఏ తల ఎత్తాలో, ఏ తల లెక్కకు రాదో రాసేవాడు కిటికీ పక్కవాడు. నేను ఊదే కొమ్ముని.

నువ్వు అతను చెడ్డవాడిలా లేడన్నావు. చెడ్డవాడైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. రోజూ ఏడింటికి రేడియో పెడతాను. అతని వాక్యం నడక నాకు తెలుసు, వినపడగానే "ఉన్నాడు" అనుకుని కట్టేస్తాను. మధ్యలో ఓసారి అతనికి గుండె నొప్పొచ్చిందని తెలిసి, నాకు అన్నం సయించలేదు. నా చేతికి చిక్కకుండా జారిపోతాడేమోనని. కోలుకున్నాడని తెలిశాక కడుపునిండా తిన్నాను. అతని ఆరోగ్యం కోసం నా అంత ఆరాటపడినవాళ్ళు వాళ్ళింట్లో కూడా ఉండరు.

తెలుసా, తెలీదా? అది చెప్పు.

మామయ్య


రేడియో వార్తల గది
చలి మొదలు

మామయ్యా,

ఈసారి కొంచెమే రాస్తాను, పని ఎక్కువగా ఉంది.

మనగారికి 'జాతి గళం' అని బిరుదు ఇస్తున్నారు. పెద్ద సభ, రేడియోలో నేరుగా వస్తుంది. సన్మానపత్రం చదవడానికి పాత గొంతు కావాలనుకున్నారు. ఎవరని బల్ల చుట్టూ అడిగితే ఆయనే అన్నారు, "ఇంకెవరు? ఏడింటాయన ఉన్నాడుగా." ఈ గదిలో మిమ్మల్ని ఇప్పటికీ ఏడింటాయన అనే అంటారు.

మీకు ఆహ్వానం వస్తుంది. ఒంట్లో బాగాలేదని రాసేయండి. ఎందుకని అడగొద్దు.

మీ కోడలు


ఇల్లు
అదే వారం

అమ్మాయ్,

ఆహ్వానం వచ్చింది. సంతోషంగా వస్తున్నానని రాసి పంపించేశాను. ఒంట్లో ఇంత బాగా ఉండి చాలా ఏళ్ళైంది.

నీ ఉత్తరాలు ఈమధ్య పొట్టివైపోయాయి. మీ అత్తయ్య కూడా అంతే, దాచాల్సింది ఉంటే నాలుగు మాటల్లో కూర ఎలా ఉందో అడిగి లేచి వెళ్ళిపోయేది. నీకు సంగతి తెలిసింది. ఎప్పుడో తెలిసింది. నన్ను కాపాడుతున్నాననుకుంటున్నావు. నన్ను కాపాడేవాళ్ళు ఇప్పటికే ఒకరు ఎక్కువయ్యారేమోనని నా అనుమానం.

సభలో ఆ మనిషి పక్కన నిలబడబోతున్నాను. ఎవరి పక్కన నిలబడుతున్నానో నాకు తెలియాలి. రాయి.

మామయ్య


రేడియో వార్తల గది
సభకి ముందు

మామయ్యా,

రాస్తున్నాను. ఇది నాకు తెలిసి రెండు నెలలు దాటింది.

ఒకరోజు అందరూ వెళ్ళాక టీ పోసి ఇస్తూ ఆయనే అన్నారు, "మీ మామయ్య గొంతు ఎలా ఉందమ్మా?" నేను ఎవరినో మొదటిరోజే తెలుసట. నా దరఖాస్తు మీద సంతకం పెట్టిందీ ఆయనే. నేను నోరు విప్పకముందే చెప్పడం మొదలుపెట్టారు.

"ఆ రోజు రేవు నుంచి ఫోన్ నేనే ఎత్తాను. పేర్లు చెబుతుంటే విన్నాను. ఆవిడ పేరు విన్నాను. బులెటిన్‌కి పావుగంట లేదు. చదవడానికి ఇంకో మనిషి లేడు. చెబితే ఆయన చదవలేడు. పేర్లు రాస్తే చదువుతూ చదువుతూ ఆవిడ పేరు దగ్గరకొస్తాడు. అందుకని మరికొందరు అని రాశాను. దయతోనే రాశానమ్మా."

ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నేను కరిగిపోయాను, అబద్ధం చెప్పను. అందుకే మీకు రాయలేదు. రాస్తే మీరు క్షమిస్తారేమోనని ఒక భయం, క్షమించరేమోనని ఇంకో భయం.

తర్వాత ఇంటికెళ్ళి నేను రాసుకున్నదంతా తిరగేశాను. గని కూలినప్పుడు మరికొందరు. బస్సు లోయలో పడినప్పుడు మరికొందరు. అగ్ని ప్రమాదంలోనూ మరికొందరు. ఆ వార్తలు చదివినవాళ్ళెవరి పెళ్ళాలూ వాటిలో లేరు మామయ్యా. మరి ఆ దయ ఎవరి మీద?

ఆయన అబద్ధం ఆడలేదనే అనుకుంటాను. చేతికి అలవాటైన మాటనే ఆ రోజు దయ అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటున్నారు.

ఇప్పుడు మీకు తెలుసు. ఏం చేస్తారు?

మీ కోడలు


ఇల్లు
చొక్కా ఇస్త్రీకి ఇచ్చిన రోజు

అమ్మాయ్,

అందింది. రెండుసార్లు చదివాను.

దయ అన్నాడా! చదవలేనని అతనెలా తేల్చాడు? చదివేవాణ్ణో, మధ్యలో ఆగిపోయేవాణ్ణో, అది నేను తేల్చుకోవాల్సింది. సరే, ఆగిపోయేవాణ్ణే అనుకో. ఏడ్చేవాణ్ణే అనుకో. మంగలి కుర్చీలోవాడు, పొయ్యి ముందున్నావిడ, లారీవాడు, అందరూ వినేవాళ్ళు. ఏడింటాయన మరికొందరి కోసం ఏడ్చాడని ఊరూరా చెప్పుకునేవాళ్ళు. ఆ ఒక్క సాయంత్రం ఆ మరికొందరు అందరికీ మనవాళ్ళైపోయేవాళ్ళు. అతను ఆపింది నా ఏడుపుని కాదు. దాన్ని.

సన్మానపత్రం ముందుగా పంపారు. బాగా రాశారు. వాక్యానికో మన ఉంది. నేను కత్తి కటారు పట్టుకుని పోవట్లేదు, బెంగపడకు. ఒక్క మాట మాత్రం మారుస్తాను. నేరుగా వచ్చే ప్రసారం కదా, ఎవడూ ఆపలేడు. నువ్వు గదిలోనే ఉండి విను. విని వాళ్ళ మొహాలు ఎలా మారాయో నాకు రాయి. నా ముసలితనానికి అదొక్కటే పండగ.

మామయ్య


రేడియో వార్తల గది
సభ జరిగిన మర్నాడు

మామయ్యా,

విన్నాను. గదిలో అందరం పని ఆపి విన్నాం. మీ గొంతు రాగానే ముసలి సబ్ ఎడిటర్ ఒకాయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"మీ దేశం మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా, మీ చెవులకు ముందుగా అందిన మాట ఈయనది. మీ విజయాలనూ, మీ దుఃఖాలనూ, మీవాళ్ళ మరణాలనూ..."

'మన' ఉన్నచోటల్లా 'మీ'. ఒక్కటీ వదల్లేదు. ముప్ఫై ఏళ్ళు మనం అన్న గొంతు ఊరందరి ముందూ లేచి బయటికి నడిచి వెళ్ళిపోతున్నట్టనిపించింది. ఇప్పుడు పేలుతుంది అనుకుని మొహాలు చూశాను. మీరు చూడమన్నారుగా.

మామయ్యా, ఎలా రాయను? వాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు.

"ఏం మర్యాదండీ!" అన్నాడు ముసలాయన. "శ్రోతల్ని మీరు అని సంబోధిస్తున్నాడు. పాతకాలపు మనిషి. ఇప్పుడీ సంస్కారం ఎవరికుంది?"

"కాదు సార్, కాగితంలో మన అనుంది. తప్పు చదివాడేమో, కళ్ళజోడు మారిందేమో" అంది కొత్తపిల్ల.

"నోర్ముయ్యి. అది వినయం. తాను పక్కకి తప్పుకుని శ్రోతలకి పెద్దపీట వేశాడు."

ఫోన్లు మోగాయి. ఏడింటాయన్ని మళ్ళీ తీసుకురమ్మని అడిగినవాళ్ళే అందరూ. ఒక్కళ్ళకీ, ఒక్కళ్ళకైనా కోపం రాలేదు. తర్వాతి బులెటిన్‌కి మీ ప్రసంగంలోంచి రెండు వాక్యాలు రాశారు. "మన దేశం మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా" అని రాశారు. ఎవరూ మార్చమనలేదు. 'మీ' అన్న మాట వాళ్ళ చేతుల్లోంచి వెళ్ళేసరికి దానంతటదే మన అయిపోయింది.

అప్పుడే సభ నుంచి మనగారు వచ్చారు. పతకం డబ్బా బల్ల మీద పెట్టి ఆ కాగితం అందుకున్నారు. పెన్సిల్ 'మన' దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది. కొట్టేస్తారేమో అనుకున్నాను. కాగితం అలాగే ఇచ్చేశారు.

నా పక్కనుంచి వెళుతూ మెల్లిగా, "మీ మామయ్య ఎక్కడా తడబడలేదమ్మా" అన్నారు. ఆయన మొహంలో రక్తం లేదు. ఆయనొక్కరికే అర్థమైంది.

ఆయన మీ ఇంటి చిరునామా అడిగారు. నేను చెప్పాను. తప్పు చేశానా?

మీ కోడలు


ఇల్లు, వెనక వరండా
ఈవేళ

అమ్మాయ్,

తప్పేమీ లేదు.

చప్పట్లు కొడుతుంటే వేదిక మీద నాకు మొదట అర్థం కాలేదు. చెప్పు విసిరితే పూలదండలా మెడలో వేసుకున్నారు. 'మీ' అంటే వెలేయడం అనుకున్నాను, వాళ్ళు వంగి దండం పెట్టడం అనుకున్నారు. ఇంత మర్యాద గల భాషలో పుట్టి పగ తీర్చుకోవడం ఎంత కష్టమో చూశావా? పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఎవరో పెద్దమనిషి వచ్చి నా చేయి పట్టుకుని "మన జాతికి మీలాంటివాళ్ళు కావాలి" అన్నాడు. చేయి లాక్కుని మంచినీళ్ళు కావాలన్నాను.

ఇంటికొచ్చాక మీ గట్టు వీధి నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ లాంచీలో కొడుకుని పోగొట్టుకుంది, మీ అత్తయ్యకి స్నేహితురాలు. గుమ్మంలో నిలబడి నన్ను చూసి, "విన్నాం అన్నయ్యా" అంది. అంతే. వెళ్ళిపోయింది. వాళ్ళకి అర్థమైంది, 'మీ' అనిపించుకోవడం ఎలా ఉంటుందో వాళ్ళకి కొత్త కాదు కాబట్టి. అది చాలదా అని నువ్వంటావు. చాలదు. నేను వాళ్ళని ఓదార్చడానికి ఎక్కలేదు వేదిక.

ఈ మధ్యాహ్నం అన్నం వడ్డించుకుని కూర్చున్నాను, తలుపు తట్టారు. చూద్దునుగదా, అతను. పతకం వేసుకోలేదు. వయసు కంటే ముసలాడైపోయాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచాడు, లోపలికి రమ్మంటాననే ధైర్యంతో.

"సభలో మీరన్నది నాకు అర్థమైంది" అన్నాడు.

"మీకు కాకపోతే ఎవరికవుతుంది?" అన్నాను.

"ఆ రోజు మీరు చదవగలిగేవారా? నిజం చెప్పండి."

"మీరు అడగాల్సింది ఆ రోజు."

తలొంచుకున్నాడు. ఎదురుచూసిన రోజు ఇదే కదా, పదునైనవి ఎన్నో దాచుకున్నాను. అవన్నీ అలాగే ఉంచుకుని అతను ఏడుస్తాడేమోనని చూశాను. ఏడవలేదు. మెల్లిగా అన్నాడు, "ఏడింటాయనా, ఇద్దరం పెద్దవాళ్ళమైపోయాం. ఎంతో కాలం ఉండం. మనం ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే..."

మనం! నా గుమ్మంలో, మీ అత్తయ్య గుమ్మంలో నిలబడి, అలవాటు కొద్దీ ఆ మాటే వేశాడు.

"మేం భోంచేస్తున్నామండీ" అన్నాను.

అతను నా భుజం మీదుగా లోపలికి చూశాడు. ఒకటే కంచం. మళ్ళీ నా మొహంకేసి చూశాడు. జీవితమంతా మాటలు తూచినవాడు కదా, నాకు వివరించే పని పెట్టలేదు. అతని పెదవులు 'మేం' అన్న మాటని ఓసారి మెల్లిగా పలికి చూసుకున్నాయి. చెప్పులు వేసుకోవడానికి కిందికి వంగినవాడు గోడ పట్టుకుని, లేవడానికి చాలాసేపు తీసుకున్నాడు. నేను చేయి ఇవ్వలేదు.

తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. ఎన్నేళ్ళకో రుచి తెలిసింది.

మామయ్య